పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం?

డెంటిస్టు పేరు చెబితే మీకూ చెమటలు పడతాయా? అయితే మీరూ నా బాపతే. నలభయ్యొక్క ఏళ్ళు ఆ కుర్చీకి అందకుండా తిరిగి, చివరికి దొరికిపోయినదాన్ని నేను. పళ్ళ వైద్యంలో నొప్పి నిజంగా తగ్గిందా, లేక బోర్డులూ ఏసీలూ మాత్రమే మారాయా? ఈ ప్రశ్నకి జవాబు నా నోటితోనే తేల్చుకున్నాను. ఆ సంగతులే ఇవి.

తెనాలి, 1982

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వేసవి సెలవులు. కింది దవడలో ఎడమవైపు పన్ను పుచ్చి రాత్రిళ్ళు ఏడుస్తున్నాను. అమ్మ లవంగం నలిపి పెట్టింది. పక్కింటి మామ్మగారు జామాకు నమలమంది. ఇంకొకావిడ ముక్కుపొడుం దూర్చమంది. ఇవన్నీ అయ్యాక, వారం తర్వాత బుగ్గ బూరెలా ఉబ్బింది. ఇక లాభం లేదని నాన్న సైకిలు తీశాడు.

"ఏం కాదమ్మా. పాలపన్నేగా. పీకేస్తే మళ్ళీ కొత్తది వస్తుంది" అన్నాడు దారిలో.

మేడ మీద చిన్న గది. స్పిరిట్ వాసన. మూలన స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. అందులో గాజు సిరంజి, సూదులు ఉడుకుతున్నాయి. అప్పట్లో సూదులు పారేసేవి కావు. ఒకే సూదిని మరగబెట్టి మళ్ళీ మళ్ళీ వాడేవారు. మొన బండబారినా సరే.

ఇంజెక్షన్ ఇచ్చారు. కళ్ళ ముందు నక్షత్రాలు కనిపించాయి. బయట వరండాలో ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు కాబోలు, ఎక్కువసేపు ఆగలేదు. పటకారు లోపలికి వచ్చింది. కాంపౌండరు తల పట్టుకున్నాడు, నాన్న కాళ్ళు పట్టుకున్నాడు. "నొప్పి లేదు, నొప్పి లేదు" అంటూనే ఉన్నారు డాక్టరుగారు. నాకు తెలియదా, ఉందో లేదో!

నేను అరిచిన అరుపుకి వరండాలోంచి ఇద్దరు లేచి వెళ్ళిపోయారని నాన్న తర్వాత ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పేవాడు. వచ్చేటప్పుడు ఐస్‌ఫ్రూట్ కొనిపెట్టాడు. బుగ్గ మొద్దుబారి అది గౌను మీద కారిపోయింది. మత్తు పని చేసినట్టు అప్పుడు తెలిసింది నాకు. అదీ, పని అంతా అయిపోయాక.

అసలు విషాదం మరొకటి ఉంది. అది పాలపన్ను కాదు. ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే వచ్చే దవడ పన్ను అది. శాశ్వత దంతం. పన్ను ఊడలేదు కదా, ఇదీ పాలపన్నే అనుకుంటారు చాలామంది తల్లిదండ్రులు. మా నాన్నా అలాగే అనుకున్నాడు. అది మళ్ళీ రాలేదు. ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది. నాలుక అప్పుడప్పుడూ అక్కడికి వెళ్ళి తడిమి వస్తుంది.

మళ్ళీ ఆ కుర్చీలోకి

ఆ తర్వాత నేను డెంటిస్టు గడప తొక్కలేదు. చన్నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటే గోరువెచ్చని నీళ్ళకి మారాను. ఒకవైపు నొప్పి వస్తే రెండోవైపు నమిలాను. మెడికల్ షాపులో "పంటి నొప్పికి ఏదైనా ఇవ్వండి" అంటే ఇచ్చిన మాత్రలు మింగాను. ఇలా ఎంతకాలమైనా నడిపేయవచ్చని అనుకునేదాన్ని.

2023 డిసెంబరులో ఒక రాత్రి, హైదరాబాదులో మా ఇంట్లో, నా లెక్క తప్పింది. కుడివైపు కింది దవడ పన్ను. మొదట సలుపు, తర్వాత పోటు. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త తక్కువ. చన్నీళ్ళు పుక్కిట పడితే అర నిమిషం ఆగుతుంది, మింగేయగానే మళ్ళీ మొదలు. తెల్లారేలోగా ఒక బిందెడు నీళ్ళు పుక్కిలించి ఉంటాను. పురిటి నొప్పులు పడ్డదాన్ని చెబుతున్నాను, ఇది వాటికి తీసిపోయేది కాదు.

పొద్దున్నే మా ఆయన మాట్లాడకుండా కారు తీశారు. కాలనీ చివర క్లినిక్. లోపల నా కూతురి కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది, ఒక డాక్టరమ్మాయి. నా చేతులు వణకడం చూసింది.

"ఆంటీ, ఇదివరకు ఏమైనా చేదు అనుభవం ఉందా?" అంది.

యాభై ఏళ్ళ మనిషిని, ఆ ఒక్క ప్రశ్నకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెనాలి కథంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది. తర్వాత ఒక్కటే చెప్పింది: "మీకు నొప్పి అనిపించిన క్షణంలో ఎడమ చెయ్యి ఎత్తండి. నేను ఆపేస్తాను. ఎందుకని కూడా అడగను."

ముందు చిగురు మీద దూదితో ఏదో జెల్ రాసింది. రెండు నిమిషాలు ఆగింది. తర్వాత సూది. సన్నది, వెంట్రుక కంటే కాస్త లావు. మందు చాలా నెమ్మదిగా ఎక్కించింది. చీమ కుట్టినట్టు అంటారే, అంతే. పది నిమిషాలు కూర్చోబెట్టింది. పెదవి, నాలుక సగం మొద్దుబారాయి. ఇక భయం లేదనుకున్నాను.

డ్రిల్లు పంటికి తగిలింది. మొదట ఏమీ లేదు. లోపలికి వెళ్ళాక ఒక్కసారి కరెంటు షాక్ కొట్టినట్టయింది. చెయ్యి లేచింది. డ్రిల్లు ఆగింది.

"చూశావా, ఏమీ మారలేదు" అనుకున్నాను మనసులో.

కానీ మారింది. తెనాలిలో నేను అరిస్తే తల పట్టుకున్నారు. ఇక్కడ నేను చెయ్యెత్తితే ఆగారు. ఆవిడ మళ్ళీ ఒక ఇంజెక్షన్, ఈసారి పంటి చుట్టూ, ఇచ్చి ఇంకో పది నిమిషాలు ఆగింది. ఆ తర్వాత ముప్పావు గంట సేపు ఏం చేసిందో నాకు తెలియదు. తెలియలేదు అనడమే సరి. ఒకచోట కునుకు కూడా పట్టింది. లేచేటప్పటికి రాత్రంతా చంపిన పోటు పోయింది.

"మొదటిసారి ఎందుకు పని చేయలేదమ్మా?" అని అడిగాను వంకర మూతితోనే.

"మీరు ఆలస్యంగా వచ్చారు కాబట్టి" అంది.

ఆ ఒక్క మాటకి అర్థం ఆవిడ వివరించి చెప్పాక, నలభై ఏళ్ళుగా నా గుండెలో ఉన్న కోపం ఒకటి కరిగింది. పన్ను లోపలి నరం బాగా వాచిపోయినప్పుడు మత్తుమందు సరిగ్గా పట్టదట. వాపు ఉన్న చోట కణజాలం ఆమ్లగుణంలోకి మారుతుంది. అప్పుడు మందు నరంలోకి చొరబడటం కష్టం. పైగా వాచిన నరం అతి సున్నితంగా తయారై ఉంటుంది. మామూలు రోజుల్లో పట్టించుకోని చిన్న తాకిడికి కూడా కేకపెడుతుంది. ఇలాంటి పన్నుని వాళ్ళు 'హాట్ టూత్' అంటారు. అందులోనూ కింది దవడ ఎముక గట్టిది. పై పళ్ళకి పక్కనే ఇంజెక్షన్ ఇస్తే మందు ఎముకలోంచి ఇంకుతుంది. కింది దవడ పళ్ళకి అలా కుదరదు. నోటి చివర, నరం దవడలోకి దిగే చోటు చూసి, అక్కడ ఇవ్వాలి.

అంటే 1982లో చీము పట్టి, బుగ్గ ఉబ్బాక తీసుకెళ్ళిన పన్నుకి, ఏ డాక్టరుకైనా మత్తు పట్టించడం కష్టమే. ఆయన కసాయివాడేం కాదు. కాస్త ఆగి ఉండవచ్చు, "నొప్పి లేదు" అనకుండా ఉండవచ్చు. అంతవరకే ఆయన తప్పు. మిగతా తప్పు లవంగంతో, జామాకుతో గడిపిన ఆ వారం రోజులది.

నొప్పిని జయించింది పళ్ళ డాక్టర్లే

క్యాప్ పెట్టేదాకా నాలుగుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. ఆ వంకతో పళ్ళ వైద్యం చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే ఒక విచిత్రం తెలిసింది. మనం నొప్పికి మారుపేరుగా చూసే పళ్ళ డాక్టర్లే, మొత్తం వైద్యానికి నొప్పి లేని ఆపరేషన్ అనే వరం ఇచ్చారు.

1844 డిసెంబరు 10. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో లాఫింగ్ గ్యాస్ ప్రదర్శన. ఆ గాలి పీల్చి జనం పిచ్చి గంతులు వేస్తుంటే చూసి నవ్వుకోవడం అప్పటి వినోదం. గంతులు వేసిన ఒకతనికి కాలు గీరుకుని రక్తం కారింది. అతనికి ఆ సంగతే తెలియలేదు. ప్రేక్షకుల్లో ఉన్న హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు అది గమనించాడు. మర్నాడే తనే ఆ గ్యాసు పీల్చి, సాటి డాక్టరు చేత తన పన్ను పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు.

కొన్ని వారాలకి బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపించబోయాడు. గ్యాసు చాల్లేదో ఏమో, రోగి మూలిగాడు. జనం మోసం అని గేలి చేశారు. వెల్స్ ఆ అవమానం నుంచి తేరుకోలేకపోయాడు. 1848లో, 33 ఏళ్ళకే, విషాదంగా అతని జీవితం ముగిసింది. అతనితో కలిసి పని చేసిన మరో పళ్ళ డాక్టరు విలియం మోర్టన్ 1846 అక్టోబరు 16న అదే బోస్టన్‌లో ఈథర్‌తో ప్రయోగం నెగ్గించాడు. ఆధునిక మత్తు వైద్యానికి ఆ రోజునే పునాదిగా చెబుతారు.

ఈ కథలో మన హైదరాబాదుకీ ఒక పేజీ ఉంది. ఆపరేషన్లలో క్లోరోఫాం ఎంతవరకు క్షేమం అని తేల్చడానికి 1888, 1889లలో రెండు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు పని చేశాయి. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు వాటికి ఆధ్వర్యం వహించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి ప్రోత్సహించాడు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లో ఇక్కడ చదువుకున్న ఆవిడే.

అయితే పన్ను పీకడానికి మనిషినే నిద్రపుచ్చడం ఎందుకు, ఆ చోటు మాత్రమే మొద్దుబారిస్తే పోలా? 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్‌తో కంటిని మొద్దుబార్చి చూపించాడు. త్వరలోనే అది పళ్ళ వైద్యంలోకీ వచ్చింది. దానికి బానిసలయ్యే ప్రమాదం ఉంది కాబట్టి వేరే మందుల కోసం వెతికారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నోవొకెయిన్ వచ్చింది. 1943లో స్వీడన్ శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ లిడోకెయిన్ తయారు చేశాడు. 1948లో జైలోకెయిన్ పేరుతో అది బజార్లోకి వచ్చింది. ఈ రోజుకీ మన పక్కవీధి క్లినిక్‌లో ఎక్కువగా వాడేది అదే.

గమనించారా? తెనాలిలో నన్ను పీకినప్పటికి మంచి మత్తుమందు వచ్చి 34 ఏళ్ళయింది. కాబట్టి మందు ఒక్కటే సరిపోదన్నమాట.

మరి ఏం మారింది?

పన్ను తొలవడం మనిషికి కొత్త కాదు. ఇప్పటి పాకిస్తాన్‌లో, బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో, 7,500 నుంచి 9,000 ఏళ్ళ కిందటి సమాధుల్లో చెకుముకి మొనతో తొలిచిన దవడ పళ్ళు దొరికాయి. తొమ్మిదిమందివి, మొత్తం పదకొండు పళ్ళు. అవి బతికుండగా తొలిచినవే, ఆ తర్వాత కూడా వాటితో నమిలారు. మత్తు లేకుండా! మా అమ్మాయికి ఇది చెబితే చెవులు మూసుకుంది.

అక్కడినుంచి 1871లో కాలితో తొక్కే డ్రిల్లు దాకా చాలా దూరం. కుట్టు మిషను తొక్కినట్టు తొక్కుతుంటే సూది తిరిగేది. తర్వాత కరెంటుతో, బెల్టుతో తిరిగేవి వచ్చాయి. వాటి వేగం నిమిషానికి కొన్ని వేల చుట్లు. వేగం తక్కువైతే గట్టిగా నొక్కాలి. నొక్కితే అదురు, వేడి, నొప్పి. 1957లో గాలితో తిరిగే 'ఎయిరోటర్' వచ్చి సుమారు 3 లక్షల చుట్లు అందుకుంది. ఇప్పుడు దాంతో పాటే నీళ్ళ తుంపర కూడా పడుతుంది కాబట్టి పన్ను వేడెక్కదు. ఆ సుయ్‌మనే చప్పుడు వింటే మనకి గుండె జారిపోతుంది. నిజానికి అది నొప్పి తగ్గించిన చప్పుడు.

రెండోది, వెలుగు. రోంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895 చివర్లో. మరుసటి నెలల్లోనే, 1896 మొదట్లో, జర్మనీలో ఆటో వాల్‌కాఫ్ తన పళ్ళకే ఎక్స్‌రే తీసుకున్నాడు. 25 నిమిషాలు కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది. నాకు ఆ అమ్మాయి తీసింది ఒక్క క్షణంలో. వేలంత సెన్సర్ నోట్లో పెట్టింది, నా పంటి వేర్లు కంప్యూటర్ మీద కనిపించాయి. వేర్లు ఎటు వంగాయో, చీము ఎక్కడుందో ముందే తెలిస్తే, గుడ్డిగా కెలకడం ఉండదు.

మూడోది, వేర్లలోకి వెళ్ళే సన్నని ఆకురాళ్ళు. రూట్ కెనాల్ అంటే పంటి లోపల చెడిన నరాన్ని తీసేసి, ఆ కాలువలు శుభ్రం చేసి, మూసేయడం. పాత స్టీలు ఫైళ్ళు వంపు తిరిగిన వేరులో వంగేవి కావు. నికెల్, టైటానియం కలిపి చేసినవి వచ్చాక, చిన్న మోటారుకి తగిలించి, వంకర దారిలోనూ సాఫీగా నడుపుతున్నారు. మా అత్తగారు పాతికేళ్ళ కిందట ఏడుసార్లు తిరిగిన పని, నాకు రెండు సిట్టింగుల్లో అయింది. మిగతా రెండుసార్లూ క్యాప్ కోసమే.

నాలుగోది నా ఉద్దేశంలో అన్నిటికంటే పెద్దది. అది ఏ మిషనూ కాదు. ఎడమ చెయ్యి. "ఎత్తండి, ఆపేస్తాను" అన్న మాట. నొప్పిలో సగం నొప్పిదైతే, మిగతా సగం మన చేతిలో ఏమీ లేకపోవడానిది. ఆ సగాన్ని ఒక్క మాట తీసేసింది.

కాబట్టి నా తీర్పు ఇది. అవును, పళ్ళ వైద్యం ముందుకెళ్ళింది, నొప్పి నిజంగానే తగ్గింది. కానీ ఆ లాభం త్వరగా వెళ్ళినవాళ్ళకే పూర్తిగా దక్కుతుంది. వైద్యం నూరేళ్ళలో ఎంత పరుగెత్తినా, మనం ఆరు నెలలు ఆలస్యం చేసి ఆ పరుగునంతా వెనక్కి లాగేస్తున్నాం.

మారనివి

మా అమ్మ సంగతి చెప్పాలి ఇక్కడ. అమ్మకి పన్ను నొప్పి వచ్చేది, నాలుగు రోజులు ఉండేది, పోయేది. "దానంతట అదే తగ్గిపోయింది, డాక్టరెందుకే" అనేది గర్వంగా. నొప్పి పోయిందంటే పన్ను బాగుపడిందని కాదని, లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చని మాకెవరికి తెలుసు? నరం చచ్చాక చీము నిశ్శబ్దంగా ఎముకలోకి దిగుతుంది. అలా 'తగ్గిపోయిన' పళ్ళన్నీ ఒక్కొక్కటే ఊడి, అరవై దాటేసరికి కట్టుడు పళ్ళు. అవి కూడా కరుస్తున్నాయని డబ్బాలో పెట్టేసింది. చివరి పదేళ్ళు పెరుగన్నం, పప్పన్నం, మెత్తటి ఇడ్లీ. సంక్రాంతికి తన చేత్తో వత్తిన జంతికలు తను తినలేకపోయేది. నోట్లో నానబెట్టుకుని రుచి చూసేది. ఆ దృశ్యం నాకు ఏ సూది కంటే ఎక్కువ నొప్పి.

"ముసలితనం వస్తే పళ్ళు ఊడతాయి" అని మనం సర్దుకుంటాం. వయసు వల్లే పళ్ళు ఊడవు. పుచ్చిపోవడం వల్ల, చిగుళ్ళ జబ్బు వల్ల ఊడతాయి. రెండూ చాలావరకు ఆపుకోగలిగినవే. నోటి జబ్బులు ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. ఇంతమందికి ఉన్న జబ్బుని మనం జబ్బుగా లెక్కపెట్టం.

రెండోది, డబ్బు. నాకు రూట్ కెనాల్‌కి అయిదు వేలు, క్యాప్‌కి ఏడు వేలు అయింది. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడకీ అదే నెలలో అలాంటి పన్నే నొప్పి చేసింది. రేటు విని, పీకించేసుకుంది. పీకడానికి అయింది కొన్ని వందలే. ఇద్దరివీ ఒకే జబ్బు పళ్ళు. నాది ఉంది, ఆవిడది పోయింది. "పన్నెండు వేలు పెట్టి పన్ను ఉంచుకోవాలామ్మా? ఆ డబ్బుతో మా పిల్ల ఫీజు అవుతుంది" అంది. నేనేం చెప్పను? అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంటు డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, విజయవాడలోనూ ఉంది. డెంటల్ కాలేజీల ఆసుపత్రుల్లో ఖర్చు బాగా తక్కువ. కానీ రోజు కూలీ వదులుకుని మూడు నాలుగుసార్లు తిరగాలి. నొప్పి లేని వైద్యం వచ్చింది నిజమే, అది అందరి గుమ్మం దాకా రాలేదు. అదే పన్ను చిన్న పుచ్చుగా ఉన్నప్పుడు వెళ్ళి ఉంటే, సిమెంటు పెట్టించుకోవడానికి ఇందులో చిన్న వంతుతో పోయేది. ఆలస్యం జేబుని కూడా పీకుతుంది.

మూడోది, భయం. దీని మీద 1985లో కెంట్ అనే పరిశోధకుడు ఒక మంచి పరీక్ష చేశాడు. చికిత్సకి ముందు ఎంత నొప్పి ఉంటుందనుకుంటున్నారో అడిగాడు. అయిన వెంటనే ఎంత నొప్పి కలిగిందో అడిగాడు. మూడు నెలల తర్వాత ఎంత నొప్పి గుర్తుందో అడిగాడు. బాగా భయపడేవాళ్ళకి గుర్తున్నది, నిజంగా కలిగిన నొప్పి కంటే, తాము ముందు ఊహించుకున్న నొప్పికే దగ్గరగా ఉంది! అంటే సుఖంగా జరిగిపోయినా సరే, మన బుర్ర దాన్ని చెరిపేసి పాత భయాన్నే మళ్ళీ రాసుకుంటుంది. అందుకే నేను మొదటి సిట్టింగ్ నుంచి ఇంటికి రాగానే క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర "నొప్పి లేదు" అని రాసిపెట్టుకున్నాను. రెండోసారి వెళ్ళే ముందు అది చూసుకుని వెళ్ళాను.

జంతిక చెప్పిన నిజం

ఇదంతా రాయడానికి అసలు కారణం మా అమ్మాయి. దానికి ఇరవై రెండు. ఉద్యోగం చేస్తోంది. మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చింది. జంతికలు ప్లేట్లో పెట్టాను. అది ముక్కలు చేసి, ఒకవైపే, మెల్లగా నములుతోంది. మా అమ్మే గుర్తొచ్చింది.

"ఏమే, ఆ వైపు ఏమైంది?"

"ఏం లేదమ్మా."

"నోరు తెరు."

ఫోన్ టార్చ్ వేసి చూస్తే పై దవడ పంటి మీద నల్లటి మచ్చ. నాలుగు నెలల నుంచి తీపి తగిలితే జివ్వుమంటోందట.

"చదువుకున్నదానివి, చేతిలో జీతం ఉంది, ఎందుకు వెళ్ళలేదే?"

అది నా వంక చూసి, "నువ్వు చిన్నప్పటినుంచి చెప్పే తెనాలి కథ గుర్తొచ్చే వెళ్ళలేదమ్మా. కాంపౌండరు తల పట్టుకున్నాడు, తాతయ్య కాళ్ళు పట్టుకున్నాడు..." అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ కథ నేను అందరికీ నవ్వించడానికే చెప్పేదాన్ని. అది నవ్వుతూనే వింది, భయం మాత్రం దాచుకుంది. పళ్ళు వంశపారంపర్యం అంటారు. నేను దానికి ఇచ్చింది పళ్ళు కాదు, భయం.

మర్నాడే తీసుకెళ్ళాను. అదే డాక్టరమ్మాయి. పుచ్చు ఇంకా పైపైనే ఉంది, నరం దాకా పోలేదు. "ఇంజెక్షన్ కూడా అక్కర్లేదనుకుంటాను. కావాలంటే ఇస్తాను. చెయ్యి ఎత్తడం మాత్రం మర్చిపోవద్దు" అందావిడ. పుచ్చు గీకి, పంటి రంగు మందు నింపి, నీలి లైటు పట్టింది. ఇరవై నిమిషాలు. చెయ్యి లేవలేదు. నేను బయట కుర్చీలో కూర్చుని, తలుపు వైపే చూస్తూ, ఇంటి తాళంచెవిని నలిపేస్తున్నాను.

బయటికొచ్చి, "ఇంతేనా?" అంది.

"ఇంతే" అన్నాను. ఆ మాట అనగలగడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని సామెత. ఎలాగూ ఊడేవే, ఎలా పోతేనేం అని మన పెద్దల నిర్వేదం. ఇప్పుడు ఆ సామెతకి కాలం చెల్లింది. పన్ను ఊడకుండానే నిలబెట్టే విద్య వీధి చివరకి వచ్చింది. రాయి కోసం వెతకొద్దు. నొప్పి రాకముందే ఒకసారి నోరు తెరిచి చూపించండి. పిల్లలకి మాత్రం మీ పాత కథ చెప్పకండి. చెప్పినా, మారిన ముగింపుతో చెప్పండి.

వెళ్ళే ముందు ఇవి గుర్తుంచుకోండి

* భయం ఉంటే దాచకుండా మొదటి నిమిషంలోనే చెప్పండి. ఆపమనడానికి ఏం సైగ చేయాలో ముందే మాట్లాడుకోండి.

* షుగరు, బీపీ, గుండె జబ్బు, గర్భం, మందుల ఎలర్జీ ఉంటే తప్పక చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపేయొద్దు.

* ఆస్పిరిన్ బిళ్ళ చిగురు మీద పెట్టకండి, పుండు పడుతుంది. మిగిలిపోయిన యాంటీబయాటిక్‌లు మింగితే పుచ్చిన పన్ను బాగుపడదు.

* మత్తు దిగేదాకా వేడి వేడి పదార్థాలు, నమిలేవి వద్దు. తెలియకుండానే బుగ్గ కొరుక్కుంటారు. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

* ముఖం వాచి జ్వరం రావడం, నోరు తెరవలేకపోవడం, మింగడానికో ఊపిరికో కష్టమవడం ఉంటే అది మర్నాటి దాకా ఆగే పని కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

* ఆరేళ్ళ పిల్లల నోట్లో అన్నిటికంటే వెనకాల కొత్తగా వచ్చిన దవడ పన్ను పాలపన్ను కాదు. అది పోతే మళ్ళీ రాదు. నన్నడగండి, చెబుతాను.